గురుడి ఇంట పెంపుడు బిడ్డలు

బోధన్ నుంచి కందకుర్తి వైపు పోతుంటే రాత్రి ఎనిమిది దాటాక ఊళ్ల దీపాలు పలచబడతాయి. తోవకు రెండు పక్కలా యాసంగి నాట్లకు నీళ్లు నిలిపిన మళ్లు, వాటి మధ్య అక్కడక్కడా ఇంకా నరకని చెరకు. 2026 జనవరిలో ఒక రాత్రి ఆ తోవనే పట్టుకుని, గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే చోటికి వెళ్లాను. తూర్పు ఆకాశంలో, పునర్వసు జంట చుక్కల దగ్గర, మిణుకుమనకుండా తెల్లగా వెలుగుతూ గురుడు. ఆ నెల 10న సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కుకు వచ్చాడు కాబట్టి పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా కనిపిస్తూనే ఉన్నాడు. మెట్ల మీద కూర్చుని, మోచేతులు మోకాళ్లకు ఆనించి బైనాక్యులర్‌తో చూస్తే ఆ వెలుగుకు అటు ఒకటి, ఇటు రెండు సన్నటి నిప్పురవ్వలు, మూడూ ఒకే గీత మీద. నాలుగోది గురుడి వెలుగులో కలిసిపోయింది.

పక్కన వలలు సర్దుకుంటున్న పెద్దాయన దగ్గరికొచ్చి, తానూ ఒకసారి చూసి అడిగాడు.

"గురువుకు చంద్రులు ఎన్నున్నయి సారూ?"

"ఇప్పటిదాకా లెక్కకొచ్చినయి తొంభై ఏడు కాకా."

"గన్ని ఉన్నయా? నాకు మూడే కనవడె."

ఆయన అనుమానం న్యాయమైనది. ఆ తొంభై ఏడింటిలో గురుడికి దగ్గరగా, పద్ధతిగా తిరిగేవి ఎనిమిదే. బైనాక్యులర్‌కు అందే నాలుగు పెద్ద చంద్రులూ వాటిలోవే. మిగిలిన 89 ఎక్కడో దూరాన, వాలిపోయిన బాటల్లో, కోడిగుడ్డులా సాగిన కక్ష్యల్లో, ఎక్కువ భాగం ఎదురు దిక్కున తిరిగే చిన్న చిన్న రాళ్లు. నిజానికి ఆ రాత్రి మా బైనాక్యులర్ వలయంలో అవన్నీ ఉన్నాయి. గురుడికి చెరో పక్క సుమారు మూడు డిగ్రీల మేరలోనే వాటి తిరుగుడంతా. కాకపోతే వాటిలో అన్నిటికన్నా కాంతివంతమైన హిమాలియా కూడా మనిషి కంటికి ఆనే అతి మసక చుక్కకన్నా రెండు వేల రెట్లకు పైగా మసక. ఆ రాళ్లు ఎవరివి, ఎక్కడి నుంచి వచ్చాయి, ఎలా చిక్కాయి అన్న ప్రశ్న మీద నూట పాతికేళ్లుగా జరిగిన పనిని ఒకచోట చేర్చి చూడాలని ఈ వ్యాసం.

గోదావరి ఒడ్డువాళ్లకు గురుడు కొత్తవాడు కాదు. ఆయన సింహరాశిలోకి వచ్చిన ఏడు గోదావరికి పుష్కరం. సూర్యుడి చుట్టూ ఆయన ఒక చుట్టు తిరగడానికి పన్నెండేళ్లకు కాస్త తక్కువ పడుతుంది, ఆ చుట్టే మనకు పుష్కరాల మధ్య ఎడం. ఆ కొలతతోనే చూద్దాం. 1991 పుష్కరం నాటికి గురుడికి తెలిసిన చంద్రులు 16. 2003 పుష్కరానికి అరవై దాటాయి. 2015లో 67. 2025కి 97. శని లెక్క ఇంకా ఆశ్చర్యం: 1991లో 18, 2003లో 31, 2015లో 62. 2025 మార్చిలో ఒక్క ప్రకటనతో 128 కలిసి 274 అయ్యాయి. ఇదే కాలంలో బోధన్‌లో నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 పుష్కరం ముగిసిన ఐదు నెలలకే మూతపడింది. గురుడి ఒక్క చుట్టులో ఒక ఊరి బతుకు ఎంత మారుతుందో ఇక్కడివాళ్లకు తెలుసు. మనం చెప్పుకోబోయే రాళ్లు అలాంటి చుట్లు ముప్పై కోట్లకు పైగా చూశాయి.

ముందు పేరు సంగతి. వీటిని కొందరు 'అక్రమ ఉపగ్రహాలు' అని రాస్తున్నారు. మన వాడుకలో అక్రమం అంటే చట్టవిరుద్ధం. అక్రమ కట్టడం, అక్రమ రవాణా అన్నట్టు వినిపిస్తుంది. 'క్రమరహితం' మేలు, కానీ అదీ పొడిగా ఉంది. నాకైతే కన్నబిడ్డ, పెంపుడు బిడ్డ అన్న మాటలే దీనికి సరిపోతాయనిపిస్తుంది. గ్రహం పుట్టేటప్పుడు దాని చుట్టూ తిరిగిన వాయువు, ధూళి పళ్లెంలోంచే పుట్టినవి కన్నబిడ్డలు. అందుకే అవి గ్రహం నడుం దగ్గరి మట్టంలో, దాదాపు గుండ్రని దారిలో, గ్రహం ఎటు తిరిగితే అటే తిరుగుతాయి. ఫ్యాక్టరీ రాకముందు మన ఊళ్లలో చెరకు గానుగ తిప్పిన ఎద్దుల నడక లాంటిది అది: కాడి ఒకటే, బాట ఒకటే, దిక్కు ఒకటే. పెంపుడు బిడ్డలు అలా కాదు. వేరే ఎక్కడో పుట్టి, ఆ పక్కగా పోతూ గ్రహం ఆకర్షణకు చిక్కి ఉండిపోయినవి. వాటి నడకలోనే ఆ సంగతి తెలిసిపోతుంది.

ఆ నడక తేడాను మొదట పట్టుకున్నది ఫోటో పలక. పెరూలోని అరెక్విపాలో హార్వర్డ్ వేధశాల వాళ్లు 1898 ఆగస్టులో శని చుట్టుపక్కల ఆకాశాన్ని గాజు పలకల మీద ఫోటోలు తీశారు. మరుసటి ఏడు ఆ పలకలను పోల్చి చూసిన విలియం పికరింగ్‌కు చుక్కల మధ్య చోటు మారుతున్న ఒక మచ్చ కనిపించింది. అదే ఫీబీ, ఫోటోల్లో దొరికిన తొలి ఉపగ్రహం. శనికి కోటీ ఇరవై తొమ్మిది లక్షల కిలోమీటర్ల దూరాన, 550 రోజులకు ఒక చుట్టు, అదీ ఎదురు దిక్కున. 1904లో లిక్ వేధశాలలో చార్లెస్ పెరైన్‌కు గురుడి దగ్గర హిమాలియా, మరుసటి ఏడు ఎలారా దొరికాయి. 1908లో గ్రీనిచ్‌లో మెలొట్‌కు పసిఫే చిక్కింది. గురుడి చుట్టూ ఎదురు తిరిగేవాటిలో అది మొదటిది. 1914లో సెత్ నికల్సన్ ఆ పసిఫేనే ఫోటో తీయబోతే పలక మీద ఇంకొకటి కనిపించింది, దాని పేరు సినోపే.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాద్ ఫీసల్‌బండలోని నిజామియా వేధశాల కూడా ఇదే పనిముట్టుతో ఆకాశాన్ని గాజు మీదికి దించుతోంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన ఆ వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. ప్రపంచమంతా పంచుకుని ఆకాశపటం గీస్తున్న పెద్ద పనిలో దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ వంతుకు వచ్చింది. మంజీర మీద 1923 నుంచి 1931 దాకా నిజాంసాగర్ కట్టి, ఆ నీళ్ల మీద నమ్మకంతో 1937 ప్రాంతంలో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నిలబెట్టిన రాజ్యమే ఈ పలకలకూ ఖర్చు పెట్టింది. ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకు మనాలి కల్లట్ వేణు బప్పు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్లాడు. 1949లో అక్కడి ఫోటో పలక మీద ఒక తోకచుక్కను పట్టాడు. అది బప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క. ఫీబీ దొరికిన యాభై ఏళ్లకు, అదే సంస్థ పలకల మీద, మన హైదరాబాద్ కుర్రవాడి కంటికి ఇంకో సంచారి చిక్కింది. ఈ ముచ్చట ఇక్కడ ఊరికే తేలేదు. తోకచుక్కలూ ఫీబీ లాంటి చంద్రులూ దగ్గరి చుట్టాలని ఈనాటి అవగాహన.

ఈ పెంపుడు బిడ్డలు ఎంత దూరాన ఉంటాయో ఊహించుకోవాలి. గురుడి పెద్ద చంద్రుల్లో చివరిదైన కలిస్టో ఆయనకు 19 లక్షల కిలోమీటర్ల లోపే ఉంటుంది, 17 రోజుల్లో చుట్టి వస్తుంది. హిమాలియా ఉండేది కోటీ 14 లక్షల కిలోమీటర్ల దూరాన, చుట్టుకు 250 రోజులు. ఎదురు తిరిగే గుంపులు రెండు కోట్ల కిలోమీటర్లు దాటి ఉంటాయి, చుట్టుకు రెండేళ్లు. నెప్ట్యూన్ దగ్గరైతే ఒక్క చుట్టుకు 27 ఏళ్లు తీసుకునేది కూడా ఉంది. ఇంతకన్నా దూరం పోతే సూర్యుడు లాక్కుపోతాడు. గురుడి ఏలుబడి సుమారు అయిదు కోట్ల ముప్పై లక్షల కిలోమీటర్లు. ఆకాశంలో చెయ్యి చాచి పిడికిలి పడితే దాదాపు ఆ ఏలుబడి అంతా కప్పవచ్చు. అందులోనూ అంచుదాకా నిలవలేరు. గురుడి వెంట సవ్యంగా తిరిగేవి సగం దూరం దాటితే జారిపోతాయి. ఎదురు తిరిగేవి ఇంకొంచెం దూరాన కూడా నిలుస్తాయి, ఎందుకంటే సూర్యుడి లాగుడు వాటి మీద ఒకే వైపు కూడబెట్టుకోదు. దూరపు గుంపుల్లో ఎదురు తిరిగేవే ఎక్కువ ఉండటానికి ఇదొక కారణం.

ఇక్కడ ఒక మాట విడదీసి చెప్పాలి. పంచాంగంలో 'గురువు వక్రించాడు' అని రాస్తారు. అది మన చూపు తేడా. నిజామాబాద్ బస్సులో కూర్చుని ముందు పోతున్న ఎడ్లబండిని దాటుతుంటే అది వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది చూడండి, అలాంటిదే. భూమి గురుడిని దాటేటప్పుడు ఆయన వెనక్కి నడిచినట్టుంటాడు. పసిఫే, ఫీబీల ఎదురు నడక మాత్రం నిజమైన ఎదురు నడక. ఎక్కడ నిలబడి చూసినా అంతే.

వీటి కక్ష్యల వాలులో ఒక పెద్ద ఖాళీ ఉంది. గ్రహం నడిచే మట్టానికి దాదాపు నిలువుగా, అంటే సుమారు 60 నుంచి 120 డిగ్రీల వాలులో, ఏ పెద్ద గ్రహం దగ్గరా ఒక్కటీ తిరగదు. సోవియట్ దేశంలో లిదోవ్, జపాన్‌లో కొజాయ్ 1960ల మొదట్లో విడివిడిగా తేల్చిన లెక్కలో దీనికి జవాబుంది. సూర్యుడి లాగుడు వల్ల కక్ష్య వాలు, కక్ష్య సాగుడు ఒకదానికొకటి మారకం వేసుకుంటాయి. వాలు తగ్గితే సాగుడు పెరుగుతుంది. నిలువు బాటలో చిక్కినది కాలం గడిచేకొద్దీ ఎంత సాగుతుందంటే, దాని దగ్గరి కొస పెద్ద చంద్రుల మధ్యకు, చివరికి గ్రహం దాకా వచ్చి తాకుతుంది. అంటే ఇప్పుడు మనకు కనిపిస్తున్నది చిక్కినవాటి జాబితా అంతా కాదు. బతికి నిలిచినవాటి జాబితా. ఈ సంగతి గుర్తుంచుకోకపోతే తర్వాతి వాదాలు అర్థం కావు.

అసలు ముడి ఇక్కడే ఉంది. పోయే రాయి చిక్కడం తేలిక కాదు. దూరం నుంచి వచ్చిన రాయి గ్రహం వైపు జారుతూ వేగం పుంజుకుంటుంది, దగ్గరగా చుట్టి, ఆ వేగంతోనే బయటపడుతుంది. లోపలికి తెచ్చిన వేగమే బయటకూ తీసుకుపోతుంది. నిలవాలంటే ఎక్కడో ఒకచోట వేగం ఖర్చు కావాలి. కందకుర్తి మెట్ల మీద ఈ సంగతి చెబితే వలల పెద్దాయన నాకన్నా ముందే అందుకున్నాడు.

"చేప వచ్చిన తోవనే పోతది సారూ. వరద తీస్తేనే గుంటల్ల చిక్కుతది."

తాత్కాలికంగా చిక్కేవి ఉన్నాయి. షూమేకర్-లెవీ 9 తోకచుక్క దశాబ్దాల తరబడి గురుడి చుట్టూ తిరిగి, 1992లో ముక్కలై, 1994 జులైలో వరసగా ఆయన మీదే పడింది. అది చిక్కింది కానీ నిలవలేదు. నిలవడానికి ఏం కావాలన్నదానికి మూడు జవాబులు వచ్చాయి.

మొదటిది పెద్దాయన చెప్పిన వరద లాంటిదే. 1977లో హెపెన్‌హైమర్, కరొలిన్ పోర్కో ఒక దారి చూపారు: గ్రహం ఇంకా పెరుగుతున్న రోజుల్లో తాత్కాలికంగా లోపల ఉన్న రాయి, గ్రహం బరువు పెరిగి దాని పట్టు బిగియడంతో, ఇక బయటకు పోలేకపోతుంది. 1979లో పొలాక్, బర్న్స్, టాబర్ ఇంకో దారి చూపారు: అప్పుడు గ్రహం చుట్టూ దట్టంగా ఉన్న వాయువులోంచి దూసుకుపోతూ రాయి వేగం పోగొట్టుకుంటుంది. బాగుంది, కానీ ఆ వాయువు సరైన సమయానికి తొలగిపోవాలి. ఆలస్యమైతే రాయి సుడి తిరుగుతూ గ్రహంలోకే పోతుంది. నాకు ఇంతకన్నా పెద్ద అభ్యంతరం ఇంకొకటి కనిపిస్తుంది. గురుడికీ శనికీ వాయువు పుష్కలం. యురేనస్, నెప్ట్యూన్‌ల దగ్గర చాలా తక్కువ. మరి వాయువే పట్టి ఉంటే ఆ ఇద్దరి దగ్గర ఈ బిడ్డలు అరుదుగా ఉండాలి. కానీ దూరం వల్ల కనిపించకపోయే చిన్నవాటిని లెక్కలోంచి తీసేసి, ఒకే సైజు పైవాటినే పోల్చితే నాలుగు గ్రహాల దగ్గరా ఇంచుమించు ఒకే సంఖ్య వస్తోందని డేవిడ్ జువిట్, స్కాట్ షెపర్డ్ 2005 ప్రాంతంలో చూపించారు. నలుగురి ఇళ్లలోనూ ఒకే లెక్క వచ్చిందంటే, నలుగురికీ ఒకేసారి జరిగిన సంఘటన ఏదో ఉండాలి.

రెండో జవాబు మూడో మనిషి జోక్యం. రెండు వస్తువులు గ్రహం పక్కన ఢీకొన్నా, జంటగా వచ్చినవి విడిపోయినా, ఒకటి ఆ అదనపు వేగాన్ని పట్టుకుపోయి రెండోదాన్ని వదిలేస్తుంది. ఢీకొనే దారిని కొలంబో, ఫ్రాంక్లిన్ 1971లోనే చెప్పారు. జంట విడిపోవడం అన్న దారితో 2006లో ఆగ్నర్, హామిల్టన్ నెప్ట్యూన్ పెద్ద చంద్రుడు ట్రైటన్ కథ చెప్పారు. 2,700 కిలోమీటర్ల వెడల్పున్న ట్రైటన్ ఎదురు దిక్కున తిరుగుతుంది. దానికి ఈ వివరణ అతికినట్టు సరిపోతుంది. ట్రైటన్ వచ్చి చేసిన అల్లరికి నెప్ట్యూన్ కన్నబిడ్డలు చెదిరిపోయి ఉంటాయి. 1949లో కైపర్ కనిపెట్టిన నెరీడ్ అంత పొడవుగా సాగిన బాటలో తిరగడానికి అదే కారణం కావచ్చని, అది పెంపుడు బిడ్డ కాక దూరానికి తోసివేయబడిన కన్నబిడ్డే కావచ్చని ఒక బలమైన వాదం ఉంది.

మూడో జవాబు గ్రహాల సంసారాన్నే కదిలిస్తుంది. 2005లో నీస్ నగరంలో పనిచేస్తున్న బృందం సౌరకుటుంబం తొలినాళ్ల గురించి ఒక నమూనా ప్రకటించింది. పెద్ద గ్రహాలు పుట్టినచోటే ఉండిపోలేదు. ఒకదానికొకటి దగ్గరగా వచ్చి, చెదిరి, ఇప్పటి చోట్లకు చేరాయి. ఆ కలతలో బయటి మంచురాళ్ల పట్టీ అంతా చెల్లాచెదురైంది. 2007లో నెస్వోర్నీ, వోక్రౌహ్లిట్స్కీ, మార్బిడెల్లీ ఈ కలతలోనే పెంపుడు బిడ్డలు చిక్కాయని లెక్కకట్టి చూపారు. రెండు పెద్ద గ్రహాలు పక్కపక్కగా దాటిపోతున్నప్పుడు, ఆ దగ్గరలో ఉన్న రాయి వేగాన్ని ఒక గ్రహం లాగేసుకుంటే అది రెండో గ్రహం దగ్గర నిలిచిపోతుంది. పాతవి ఏవైనా అంతకుముందే చిక్కి ఉన్నా ఆ దాటుడులోనే ఊడిపోతాయి. అంటే వాయువు దారి నిజమే అయినా దాని సాక్ష్యం తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది.

ఈ నమూనాకు మొదట గురుడే అడ్డొచ్చాడు. ఆ లెక్కల్లో గురుడి పక్కకు వేరే పెద్ద గ్రహం వచ్చిన సందర్భాలు తక్కువ, మరి ఆయన బిడ్డలు ఎక్కడివి? తర్వాత వచ్చిన సవరణలో, మొదట ఇంకొక పెద్ద గ్రహం ఉండేదని, గురుడి దగ్గరికి వచ్చి ఆయన తోసిన తోపుకు సౌరకుటుంబం వదిలి వెళ్లిపోయిందని ఊహించారు. అలా అయితే గురుడికీ బిడ్డలు చిక్కుతాయని 2014లో నెస్వోర్నీ బృందం చూపింది. నా మనసు ఈ వివరణ వైపే మొగ్గుతోంది. కారణం ఇది మిగతా ఎన్నో సంగతులతో కలుస్తుంది: గురుడి ముందూ వెనకా అదే బాటలో తిరిగే ట్రోజన్ రాళ్లు, నెప్ట్యూన్ అవతలి మంచురాళ్ల పట్టీ ఆకారం, పెద్ద గ్రహాల ఇప్పటి కక్ష్యలు. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క కట్టుకథ అవసరం లేదు.

ఇబ్బందులు లేవని కాదు. నెప్ట్యూన్ అవతల చాలా రాళ్లు గాఢమైన ఎరుపు. ఈ బిడ్డల్లో ఆ ఎరుపు కనిపించదు, బూడిదరంగు నుంచి లేత ఎరుపు దాకా ఉంటాయి. అక్కడినుంచే వస్తే ఆ రంగు ఏమైంది? సూర్యుడికి దగ్గరగా వచ్చేసరికి పై పొర మారిపోయిందంటారు కొందరు. ఢీకొట్లతో పై పొరే లేచిపోయిందంటారు ఇంకొందరు. రెండు జవాబులకూ ఇంకా గట్టి రుజువు కావాలి. హిమాలియా గుంపు ఇంకో చిక్కు. సవ్యంగా తిరుగుతూ, దగ్గరి వాలుల్లో, బూడిదరంగులో ఉన్న ఆ కుటుంబం గ్రహశకలాల పట్టీలోని నల్లరాళ్లను పోలి ఉంటుంది. దాన్ని మిగతావాటితో ఒకే గాట కట్టడానికి నేను తొందరపడను.

కుటుంబం అన్నాను కదా, ఆ మాట వట్టి పోలిక కాదు. గురుడి ఎదురు తిరుగుడు చంద్రుల్లో కార్మే, అనాంకే, పసిఫే అనే మూడు పెద్ద గుంపులున్నాయి. ఒక్కో గుంపులోవి దాదాపు ఒకే దూరం, ఒకే వాలు. ఒకప్పుడు ఒక పెద్ద రాయి పగిలితే ముక్కలు అలా ఉంటాయి. ఈ ఇళ్లలో ఢీకొట్లు ఎంత మామూలో 2018లో ప్రకటించిన వలెటూడోను చూస్తే తెలుస్తుంది. దాని వెడల్పు కిలోమీటరంత. ఎదురు తిరిగే గుంపుల మధ్యలోంచి సవ్యంగా తిరుగుతుంది. చెరకు సీజన్‌లో లారీలన్నీ ఒక వరసన ఫ్యాక్టరీ వైపు వస్తుంటే ఒక్క మోటారుసైకిలు ఎదురుగా వచ్చినట్టు. వలెటూడో ఇన్నాళ్లు బతికి ఉండటమే విశేషం. 2010లో బాట్కే బృందం లెక్క ప్రకారం ఈ బిడ్డల మొదటి బరువులో అత్యధిక భాగం ఒకదాన్నొకటి కొట్టుకుని పొడి అయిపోయింది. ఆ పొడి ఎక్కడికి పోయింది? లోపలి చంద్రుల మీదికి రాలింది.

దీనికి కంటికి కనిపించే సాక్ష్యం శని దగ్గర ఉంది, అది చూడాలంటే మళ్లీ ఫీబీ దగ్గరికి పోవాలి. 2004 జూన్ 11న, శని కక్ష్యలోకి చేరడానికి మూడు వారాల ముందు, కసీని నౌక ఫీబీకి 2,068 కిలోమీటర్ల దూరంలోంచి సాగిపోయింది. ఫీబీ అంత బయట ఉంటుంది కాబట్టి ఒకసారి లోపలికి పోయాక మళ్లీ ఆ అవకాశం రాదు. ప్రయాణ దారిని ముందే ఆ చూపు కోసం కుదిర్చారు. ఫోటోలు తీసిన బృందానికి నాయకురాలు కరొలిన్ పోర్కో. 1977లో రాళ్లు ఎలా చిక్కుతాయో లెక్కకట్టిన వాళ్లలో ఒకరే, ఇరవై ఏడేళ్ల తర్వాత చిక్కిన రాయిని దగ్గరగా చూశారు.

ఆ ఫోటోలను కాస్త ఓపిగ్గా చూడండి. 213 కిలోమీటర్ల వెడల్పున్న బండ, పూర్తి గుండ్రం కాదు. ఒళ్లంతా గుంటలు. వాటిలో పెద్దదైన జేసన్ గుంట వంద కిలోమీటర్ల వెడల్పు, అంటే బండలో దాదాపు సగం. దెబ్బ ఇంకొంచెం బలంగా తగిలి ఉంటే ఫీబీ ఉండేదే కాదు. పైన చూస్తే బొగ్గులా నలుపు. కానీ గుంటల అంచుల్లో, మట్టి జారిన చోట, తెల్లటి చారలు. తెల్లనివి మంచు. మసిబారిన కుండను గీకితే లోపలి తెలుపు బయటపడినట్టుంటుంది. పరికరాలు నీటి మంచుతో పాటు గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను, కర్బన పదార్థాలను గుర్తుపట్టాయి. సాంద్రత నీటికన్నా 1.64 రెట్లు. శని కన్నబిడ్డలైన మధ్యరకం మంచు చంద్రులకన్నా ఇది ఎక్కువ, ప్లూటో, ట్రైటన్‌ల వైపు మొగ్గే అంకె. 2005లో జాన్సన్, లునైన్ దీన్ని పట్టుకునే ఫీబీ శని ఇంట్లో పుట్టింది కాదు, బయటి మంచుప్రాంతం నుంచి వచ్చింది అన్నారు. కసీని కొలతలనే మళ్లీ తిరగేసి 2019లో ఇంకో బృందం ఫీబీ మంచులో బరువైన హైడ్రోజన్ పాలు మన సముద్రపు నీటికన్నా చాలా రెట్లు ఎక్కువని తేల్చింది. శని మిగతా చంద్రుల మంచులో అలా లేదు. పుట్టినిల్లు వేరని చెప్పడానికి నేను చూసినవాటిలో ఇంతకన్నా నేరైన ఆధారం లేదు.

ఇక ఆ పొడి సంగతి. 1671లో జాన్ డొమినిక్ కసీని శని చంద్రుడు అయాపెటస్‌ను కనిపెట్టాడు. శనికి ఒక పక్క ఉన్నప్పుడు కనిపించేది, రెండో పక్కకు పోతే మాయమయ్యేది. దాని ఒక ముఖం నలుపు అయి ఉండాలని ఆయన ఊహించాడు, ఊహ నిజమైంది. నలుపు ఎక్కడిదన్న ప్రశ్న మూడు వందల ఏళ్లు సాగింది. 2009లో వెర్బిసర్, స్క్రట్‌స్కీ, హామిల్టన్ స్పిట్జర్ టెలిస్కోపుతో శని చుట్టూ అంతకుముందు ఎవరూ చూడని మహా వలయాన్ని కనిపెట్టారు. మామూలు వెలుతురులో కనిపించనంత పలచన, వేడి తరంగాల్లోనే తెలిసింది. అది ఫీబీ కక్ష్య వాలులోనే వాలి ఉంది. ఫీబీ మీద పడే చిన్న దెబ్బలకు లేచే ధూళే ఆ వలయం. ఎదురు తిరుగుతూ లోపలికి జారే ఆ ధూళి, సవ్యంగా తిరిగే అయాపెటస్ ముందుముఖానికి ఎదురు గాలిలా తగులుతుంది. నల్లబడ్డ చోట ఎండ వేడి ఎక్కువ పట్టి అక్కడి మంచు ఆవిరై చల్లటి తెల్లముఖం మీద పేరుకుంటుంది. నలుపు ఇంకా నలుపు, తెలుపు ఇంకా తెలుపు. పెంపుడు బిడ్డ ఒళ్లు దులుపుకున్న దుమ్ము కన్నబిడ్డ ముఖం మీద పడింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఫలితం ఇదే.

ఇన్ని వందలు ఈమధ్యే ఎలా దొరికాయని అడగవచ్చు. కెమెరా పలక పోయి ఎలక్ట్రానిక్ సెన్సార్ వచ్చింది, అది ఒక కారణం. రెండోది ఒక ఉపాయం. చీకటి రోడ్డు మీద దూరంగా పోతున్న లారీ వెనక దీపాన్ని ఫోటో తీస్తే, ఒక్క ఫోటోలో ఆ చుక్క కనిపించనంత మసక అనుకోండి. వరసగా వంద ఫోటోలు తీసి, లారీ ఎంత వేగంతో పోతోందో అంత మేర ప్రతి ఫోటోనూ జరిపి, ఒకదాని మీద ఒకటి పేర్చితే చెట్లు, స్తంభాలు చెరిగిపోతాయి, దీపం మాత్రం ఒకేచోట కూడి వెలుగుతుంది. ఎడ్వర్డ్ ఆష్టన్ బృందం హవాయిలోని 3.6 మీటర్ల టెలిస్కోపుతో శని పక్కన చేసింది ఇదే. గురుడి చుట్టూ 800 మీటర్లకన్నా పెద్దవే సుమారు 600 ఉంటాయని 2020లో ఆ బృందం అంచనా వేసింది.

'కిలోమీటరు రాయి కూడా చంద్రుడేనా?' అని కొందరు చిరాకు పడుతున్నారు. ఉపగ్రహం అనడానికి ఇంత వెడల్పు ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. పెట్టాల్సిన అవసరమూ నాకు కనిపించలేదు. చిన్నవి, పెద్దవి ఏ పాళ్లలో ఉన్నాయో తెలిస్తేనే ఢీకొట్టు ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది. శని దగ్గర ముండిల్ఫారీ ఉపగుంపులో చిన్నవి మరీ ఎక్కువగా ఉన్నాయి. అది పది కోట్ల ఏళ్ల లోపే జరిగిన తాజా పగులుకు గుర్తు అయి ఉండొచ్చని 2025 ప్రకటనలో చెప్పారు. చిన్నవాటిని లెక్కలోంచి తీసేస్తే ఆ సంగతి తెలిసేదే కాదు.

పేర్లకూ ఒక పద్ధతి ఉంది. గురుడి దగ్గర సవ్యంగా తిరిగేవాటి పేర్లు 'ఆ'తో గానీ 'ఓ'తో గానీ, ఎదురు తిరిగేవాటివి 'ఏ'తో ముగియాలన్నది వాడుక. శని దగ్గర వాలును బట్టి ఇన్యూట్, గాలిక్, నార్స్ గాథల పేర్లు. కెనడా శాస్త్రవేత్త కవెలార్స్ ఇన్యూట్ కథకుడు మైకేల్ కుసుగాక్‌ను అడిగి కివియుక్, సియార్నాక్ లాంటి పేర్లు పెట్టించారు. ఒక మంచుదేశపు ముసలమ్మల కథలు శని ఆకాశంలో తిరుగుతున్నాయంటే, ఎవరో ఒకరు వెళ్లి అడిగారు కాబట్టి.

ఇంకా చూడని చోటు చాలా ఉంది. ట్రైటన్‌ను పక్కన పెడితే, దగ్గరగా చూసిన పెంపుడు బిడ్డ ఈ మూడు వందల పైచిలుకులో ఫీబీ ఒక్కటే. హిమాలియా కసీనికి 2000 డిసెంబరులో కొన్ని చుక్కల మేర కనిపించింది, అంతే. యురేనస్ బిడ్డల ముఖం ఎవరూ చూడలేదు. పెద్ద చంద్రుల కోసం నౌకలు బయల్దేరుతున్నాయి, 2023 ఏప్రిల్‌లో బయల్దేరిన జ్యూస్ 2031లో గురుడిని చేరుతుంది. పోయే దారిలో ఒక పెంపుడు బిడ్డ పక్కగా పోయేలా ఏదో ఒక నౌక దారి కుదిర్చితే బాగుండునని నా గట్టి కోరిక. కసీని చేసింది అదే, ఒక్క రోజు పనికి ఇరవై ఏళ్ల చదువు దొరికింది.

ఈలోపు చుట్టాల ఇంటికి ఒక నౌక పోతోంది. 2021 అక్టోబరులో బయల్దేరిన లూసీ, గురుడి బాటలో ముందు నడిచే ట్రోజన్ రాళ్ల గుంపులో యూరిబటీస్‌ను 2027 ఆగస్టు 12న చూడాలి. అది 64 కిలోమీటర్ల వెడల్పున్న నల్లటి రాయి, పక్కన కిలోమీటరంత సొంత చంద్రుడు ఉంది. గ్రహాలు కదిలిన ఆ కలతలోనే ట్రోజన్లూ వచ్చి చిక్కాయన్నది నిజమైతే, హిమాలియాకూ ఫీబీకీ అవి వరసైనవే. ఆ ఏడు గోదావరికి పుష్కరం. కందకుర్తి మెట్ల మీద వలల పెద్దాయన దగ్గర సెలవు తీసుకుంటుంటే మళ్లీ ఎప్పుడొస్తారని అడిగాడు. పుష్కరానికి వస్తాను కాకా, అప్పటికి లెక్క ఇంకా పెరిగి ఉంటుంది అన్నాను.

"పెరగనీ సారూ. గప్పుడు గీ అద్దాలు మల్ల తెండ్రి" అని గురుడి వైపే చూస్తూ నిలబడ్డాడు.